టోపీ తీయని పెళ్లికొడుకు

పోయిన వారం మా అక్క మనవరాలు ఫోను పట్టుకొచ్చి, నా కుర్చీ చేతి మీద కూర్చుని, ఇది చూడు చిన్న తాతా, ఏం స్టైలో చూడు అంది. చూశాను. చూడగానే ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళ కిందట ఆదివారం పూట టీవీలో వచ్చిన హిందీ డిటెక్టివ్ సీరియల్‌ను ఎవరో పనిలేని మహానుభావుడు మొదటి నుంచి చివరి దాకా ఫోనులోకి ఎక్కించేశాడు. దాని కింద ముక్కూ మొహం తెలియని జనం బారులు తీరి మెచ్చుకుంటున్నారు. ఆ పొడుగు కోటు చూడండి, ఆ కాలరు లేపిన తీరు చూడండి, టోపీ పక్కకు వంచడంలో ఉన్న ఆ దర్జా ఈ కాలం హీరోలకు వస్తుందా అని. మా పిల్ల చదివే కాలేజీలో పాతకాలం వేషాలు వేసుకొచ్చే రోజొకటి పెట్టారట. తను ఆ డిటెక్టివ్ వేషంలో వెళ్తుందట. పెద్ద తాతకు అచ్చం ఇలాంటి కోటే ఉండేదంట కదా, యాడ పెట్టినారు అని అడిగింది. పెద్ద తాత అంటే మా బావ, అక్క మొగుడు. ఇప్పుడు అందరం ఒక్క ఇంట్లోనే ఉంటాం. ఆయనకు చెవుడని అందరూ అనుకుంటారు గానీ కోటు అన్న మాట మాత్రం వీధి చివర అన్నా వినబడుతుంది. వరండాలోంచి మెడ సాచి, ఆ రోజుల్లో తిరుపతిలో కోటంటే తనదేనని, తనను చూసి సగం ఊరు కోట్లు కుట్టించుకుందని మొదలుపెట్టాడు. ఈ మాట నేను వినడం మొదటిసారి కాదు. ఇంటికి కొత్త మనిషి వచ్చినప్పుడల్లా వింటున్నాను. విన్నప్పుడల్లా పళ్ళు పటపటా కొరుకుతాను. అంటే, ఉన్న పళ్ళు. సగం ఊరు కాదు కదా, ఆ కోటును చూసి స్పందించిన ప్రాణి మా వీధి కుక్క ఒక్కటే. అదీ మెచ్చుకోలు కాదు.

అసలు ముందు ఆ సీరియల్ సంగతి చెప్పాలి. అప్పుడు మా ఇల్లు తిరుపతిలో రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఉండేది. వీధి మొత్తానికీ టీవీ మా ఇంట్లోనే ఉండేది. ఇది కొంచెం పెంచి చెప్పాను. చివరింటి కాంట్రాక్టరు ఇంట్లో ఇంకొకటి ఉండేది, అదీ రంగులది. కానీ వాళ్ళు తలుపులు వేసుకుని చూసేవాళ్ళు కాబట్టి అది లెక్కలోకి రాదు. సీరియల్ వేళకు మా వీధిలో కాకి కూడా ఎగిరేది కాదు. సరే, కాకులు ఎగిరేవి, మనుషులు మాత్రం మా నడవలోనే ఉండేవాళ్ళు. తమాషా ఏమిటంటే ఆ మనుషుల్లో ఎవరికీ హిందీ రాదు. సగంమందికి అరవం వచ్చు, నాకు ఇంగ్లీషు వచ్చని పేరు, హిందీ మాత్రం ఎదురింటి మిలిటరీ ఆయన ఒక్కడికే వచ్చని మా నమ్మకం. ఆయన ఉత్తరాన ఎక్కడో పటాలంలో చాలాకాలం వంట చేసి వచ్చాడు. తెర మీద డిటెక్టివ్ ఊపిరి తీసుకోకుండా గడగడా మాట్లాడాక, మేమంతా మిలిటరీ ఆయన మొహం వైపు తిరిగితే, ఆయన గంభీరంగా తల ఊపి, “విచారిస్తానంటా ఉండాడు” అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. ఒకామె గోడకు తల కొట్టుకుని ఏడుస్తూ ఏదో పెద్ద కథ చెబితే, ఆమె బాధ పడుతోందని చెప్పేవాడు. అది మాకూ కనబడుతూనే ఉండేది.

అందుకని మేము కథను బట్టలను బట్టి అర్థం చేసుకునేవాళ్ళం. చొక్కా కాలరు రెక్కల్లాగా భుజాల దాకా పరుచుకుని ఉంటే వాడు దొంగ. ప్యాంటు అంచులు వీధి ఊడ్చేంత వెడల్పుంటే దొంగకు తమ్ముడు. ఇంట్లో కూడా నల్ల కళ్ళద్దాలు తీయనివాడు హంతకుడు. మెరిసే గుడ్డ కోటు నడుముకు ముడేసుకుని, చేతిలో గ్లాసుతో మెట్లు దిగివచ్చే ముసలాయన ఆ వారమే చచ్చిపోతాడు. పెద్ద పెద్ద చుక్కల చీర, మోచేతి దాకా చేతుల జాకెట్టు వేసుకున్న సన్నపాటి అమ్మాయి డిటెక్టివ్ దగ్గర టైపు కొట్టే పిల్ల, ఆమెను ఎవరూ ఏమీ చేయరు. మా అక్క ఆ జాకెట్టు చేతులు చూసి చూసి, తన జాకెట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టుకుంది. ఈ శాస్త్రంలో మేము ఎంత ఆరితేరామంటే, మొదట్లో పేర్లు పడుతుండగానే ఎవరు చంపుతారో చెప్పేసేవాళ్ళం. చాలాసార్లు తప్పేది, అది వేరే విషయం.

ఇక ఆ డిటెక్టివ్‌ను తలుచుకుంటే ఇప్పటికీ నాకు విసుగే. కథ జరిగేది సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ళో. అందరూ పల్చటి చొక్కాల్లో చెమటలు తుడుచుకుంటూ ఉంటారు. ఈయన మాత్రం మోకాళ్ళ కిందికి దిగే ఉన్ని కోటు, మెడకు గళ్ళ మఫ్లరు, కనుబొమల మీదికి వంచిన టోపీ, నలుపూ తెలుపూ కలిసిన బూట్లు. ఎవరి కంటా పడకుండా మనుషుల వెంట తిరగడం ఈయన వృత్తి. మారువేషం వేయాల్సి వస్తే ఒక మీసం అంటించుకుంటాడు, అంతే. ఒకసారి చేపలు అమ్మేవాడి వేషం వేశాడు. కోటు విప్పలేదు, బూట్లు విప్పలేదు, టోపీ మీదే చేపలబుట్ట పెట్టుకున్నాడు. దొంగలు ఆయన్ను పైనుంచి కిందికి చూసి, ఎవరో చేపలాయన అనుకుని, ఆయన ముందరే గుట్టంతా మాట్లాడేసుకున్నారు. నేను లేచి నిలబడి, ఇదెక్కడి అన్యాయమని అరిచాను. మా నాయన కూర్చోమన్నాడు.

మా అవ్వకు, అంటే మా నాయన తల్లికి, అన్నిటికన్నా ఆ టోపీ మీదే అనుమానం. ఇంట్లో తీయడు, అన్నం ముందర తీయడు, ఆసుపత్రిలో రోగి మంచం పక్కన కూర్చున్నా తీయడు. మొదటి వారమే ఆమె తేల్చి చెప్పింది, “పాపం, కొండకు పొయ్యొచ్చినట్టుండాడు” అని. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు టోపీ అంటే ఎండకో వానకో పెట్టుకునే వస్తువు కాదు. కొండ మీద తలనీలాలు ఇచ్చి దిగినవాళ్ళు గుండు మీద పెట్టుకునేది. బస్టాండు దగ్గర నుంచి మా వీధి మొగ దాకా గుడ్డ టోపీల అంగళ్ళే. టోపీ కనబడితే కింద గుండు ఉన్నట్టే, అందులో మాకు రెండో ఆలోచన రాదు. అయినా ఆ రోజు నడవంతా నవ్వింది. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. అవ్వా, అది స్టైలు అని వారం వారం చెప్పేవాళ్ళం. స్టైలయితే ఒక తూరి తీసి సూపించమనండి అనేది ఆమె.

ఆ రోజుల్లోనే మా అక్కకు సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు చిత్తూరులో బెల్లం మండీలో గుమాస్తా. అక్కడే గది తీసుకుని ఒక్కడే ఉండేవాడు. వాళ్ళమ్మ పెద్ద కొడుకుతో శ్రీకాళహస్తి దగ్గర పల్లెలో ఉండేది. తాంబూలాలు పుచ్చుకున్న తర్వాతి ఆదివారమే ఆయన మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆ డిటెక్టివ్ సీరియల్ అంటే తనకు ప్రాణమని, గదిలో టీవీ లేదని చెప్పాడు. సీరియల్ చూడడానికి పూతలపట్టు మీదుగా బస్సులో అంత దూరం వచ్చిన మనిషిని ఏమనాలో నాయనకు తోచలేదు. చిత్తూరులో టీవీలే లేవా అని అడగడానికి మర్యాద అడ్డొచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చేవాడు. కూర్చునేది టీవీ వైపు, చూసేది వంటింటి గుమ్మం వైపు. ఒకసారి సీరియల్ అయ్యాక నేను కావాలనే, ఎవరు చంపినారు బావా అని అడిగాను. టైపు కొట్టే పిల్ల అన్నాడు. ఆ వారం కథలో ఎవరూ చావలేదు.

వాళ్ళమ్మ మంచి మనిషే. ఒక్క విషయంలో మాత్రం గట్టిది. పెద్ద కొడుకు పెళ్లయిన ఏడాదికే ఆ కోడలు ఏదో జబ్బు చేసి పోయింది. ఆ పిల్లను ఆసుపత్రుల చుట్టూ తిప్పింది, చివరిదాకా ఎత్తి దించింది ఈమే. అందుకని పెళ్లిచూపుల్లో ఆమె వంట గురించి అడగలేదు, పెట్టుపోతల గురించి అడగలేదు. అక్క గోళ్ళు చూసింది, కంటి కింద రెప్ప లాగి చూసింది. మా అమ్మతో ఒక్క మాట చెప్పింది. “ఒదినా, పిల్ల ఎట్లుండినా సరే, ఒళ్ళు మాత్రం గట్టిగా ఉండల్ల. ఇంగొక తూరి మోసేదానికి నా చేతుల్లో బలం లేదు.” మా పిల్లకు తుమ్ము కూడా రాదని అమ్మ చెప్పింది.

పెళ్లి నెలన్నర ఉందనగా అక్కకు టైఫాయిడ్ వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నాం. వారం తిరిగేసరికి మనిషి మంచానికి అతుక్కుపోయింది, మమ్మల్ని గుర్తుపట్టి మాట్లాడడం కూడా తగ్గిపోయింది. నాయన మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ఈ సంగతి శ్రీకాళహస్తి దాకా పోకూడదని చెప్పాడు. పోతే ఈ పెళ్లి ఆగిపోతుంది, జబ్బు పిల్ల అన్న పేరు పడుతుంది, ఆ పేరు మళ్ళీ పోదు. మరి ఆదివారం ఆ పిలగాడు వస్తాడే అంది అమ్మ. ఆయన రానే వచ్చాడు. చెప్పులు విప్పకముందే ఇంటి వాలకం చూసి అర్థం చేసుకున్నాడు. నాయన ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మకు చెప్పనని ఆయన మాట ఇచ్చాడని తర్వాత తెలిసింది. ఆ రోజు టీవీ పెట్టలేదు, చూడడానికి వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే పంపేశాం. బావ ఆ ఖాళీ టీవీ ముందు అలాగే కూర్చుని, కాఫీ కూడా తాగకుండా బస్సుకు వెళ్ళిపోయాడు. పై ఆదివారం కూడా అంతే. ఆ తర్వాత, అమ్మ చేసిన పూజలో డాక్టరు వేసిన సూదులో, జ్వరం దిగింది. అక్క లేచి కూర్చుంది గానీ జుట్టు నిలవలేదు. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. నడుము దాటిన జడ ఎలుకతోకంత అయింది. అమ్మ ఎవరికీ కనబడకుండా ఒక సవరం కొనుక్కొచ్చి పెళ్లి కోసం పెట్టెలో దాచింది.

అక్క నడవలోకి వచ్చి కూర్చున్న మొదటి ఆదివారం, వీధివాళ్ళంతా మళ్ళీ చేరి టీవీ పెట్టిన వేళ, గుమ్మంలో డిటెక్టివ్ నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ కిందికి దిగిన కోటు, మెడకు మఫ్లరు, కనుబొమల మీదికి లాగిన టోపీ, ముందు సగానికి తెల్ల రంగు పూసిన బూట్లు. అది తిరుపతి ఎండాకాలం. ఆ వేళ మా వాకిట్లో అప్పడం పెడితే కాలేది. కాలేది కాదులెండి, పెట్టి చూడలేదు. అట్లాంటి ఎండలో బావ ఆ వేషంలో పూతలపట్టు మీదుగా వచ్చాడు. కోటు కుట్టింది చిత్తూరులో బ్యాండు మేళాలకు యూనిఫారాలు కుట్టే దర్జీ. ఆయన దగ్గర ఉన్న గుడ్డ అదే, ఉన్న గుండీలు అవే. ఇత్తడి గుండీల మీద చిన్న చిన్న బాకాలు ఉండేవి. మేళం యాడప్పా, డోళ్ళు బస్సు పైనేసినారా అని కండక్టరు అడిగాడని ఆయనే మాకు చెప్పాడు, అదేదో బిరుదు ఇచ్చినట్టు. నాయన కాబోయే అల్లుణ్ణి తల నుంచి బూట్ల దాకా చూశాడు. ఆయన్నేమీ అనలేక నా వైపు తిరిగి, “రేయ్, ఫ్యాను పెద్దది పెట్టు” అన్నాడు. అవ్వ ఒక్కతే కళ్ళు చికిలించి, “ఈ పిలగాడు గూడా కొండకు పొయ్యొచ్చినాడే” అంది. నడవంతా పడీ పడీ నవ్వింది. ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది బావ.

అక్కడ మొదలైంది మా అవస్థ. ఆయన ఆ వేషం విప్పలేదు. అన్నానికి కూర్చుంటే చెమట బొట్లు చారులో పడేవి. అమ్మ పక్కన నిలబడి విసనకర్రతో విసిరేది. వీధిలో నడిచివస్తుంటే పిల్లకాయలు డప్పు కొట్టినట్టు నోటితో శబ్దం చేస్తూ వెంటపడేవాళ్ళు. నాయన రాయబారానికి నన్ను పంపాడు. టోపీ అన్నా తియ్యి బావా, తల ఉడికిపోతుంది అన్నాను. డిటెక్టివ్ యాడన్నా టోపీ తీస్తాడా బామ్మర్దీ అన్నాడు. ఆయన చూసినన్ని భాగాలు నేనూ చూశాను కాబట్టి వెనక్కి వచ్చి నాయనకు అదే మాట అప్పజెప్పాను. నాయన మాత్రం రాత్రుళ్ళు అమ్మతో, పిల్లకు జబ్బు దాచినామని మనం భయపడతా ఉంటే, వాళ్ళు మతి లేని పిలగాణ్ణి దాచినట్టుండారే అని గొణుక్కునేవాడు. అక్క ఏడవలేదు గానీ, జన్మంతా కోటేసుకునే ఉంటాడా అని అమ్మను అడిగింది.

పెళ్లి కాణిపాకంలో, గుడికి దగ్గరగా ఉన్న ఒక సత్రంలో, పొద్దున ముహూర్తం. ముందు రోజు వచ్చిన వాళ్ళమ్మ కొడుకు వాలకం చూసి, ఇదేందిరా అని అడిగితే, ఇప్పుడిదే స్టైలమ్మా అని చెప్పాడట. పట్నంలో విడిచిపెడితే ఇట్లే అవుతారని ఆమె మా అమ్మతో చెప్పి బాధపడింది. అదే దర్జీ కుట్టిన కోట్లు వేసుకుని మేళం వాళ్ళు దిగారు. వాళ్ళ పెద్ద మా బావ భుజం మీద చెయ్యేసి, నీదేం వాయిద్యమప్పా అని అడిగాడు. నాయన నోరు నొక్కుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చాడు. పట్టుపంచె కట్టుకోవాలి, కావాలంటే పైన కోటు వేసుకోవచ్చు. పాత ఫోటోల్లో మా తాతలు పంచె మీద కోటుతోనే పెళ్లి పీటల మీద కూర్చున్నారు కాబట్టి అంతవరకు మనసు సరిపెట్టుకున్నాడు. టోపీ దగ్గర బావ ఒప్పుకోలేదు. బాసికం టోపీ మీదే కట్టారు. దూరం నుంచి చూస్తే పోలీసు పటాలంలో పెద్ద అధికారిలాగా ఉన్నాడు.

జీలకర్ర బెల్లం వేళకు చిక్కొచ్చిపడింది. వధూవరుల మధ్య తెర పట్టుకున్నారు. తెరకు ఇటువైపు వాడు అటువైపు పిల్ల తల మీద, పిల్ల వీడి తల మీద, నడినెత్తిన ఆ ముద్ద పెట్టాలి. మా దగ్గర పెళ్లంటే అసలు ఆ క్షణమే. పురోహితుడు టోపీ తీయమన్నాడు. టోపీ మీద పెడితే సరిపోదా సామీ అన్నాడు బావ. పురోహితుడు చేతిలో తమలపాకు అలాగే పట్టుకుని, “పెళ్లి నీకా, టోపీకా నాయనా?” అని అడిగాడు. జనం నవ్వారు. ముహూర్తం దగ్గర పడుతోంది. బావ రెండు చేతులతో టోపీ అంచులు పట్టుకుని కూర్చున్నాడు. అన్ని వారాలు మా నాయన మింగినదంతా అప్పుడు పైకొచ్చింది. మంటపం ఎక్కాడు, వెనక నుంచి టోపీ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. బాసికంతో సహా వచ్చేసింది.

కింద గుండు. కొత్త చెంబులాగా ఉంది, ఇసుక చల్లినట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. ఇదే అదును అనుకుని మేళం వాళ్ళు గట్టిమేళం అందుకున్నారు, వాళ్ళను ఆపడానికి కొంతసేపు పట్టింది. తిరుపతి వీధుల్లో గుండును ఎవరూ తిరిగి చూడరు గానీ, పెళ్లి పీటల మీద గుండు వేరు. కర్మ చేసివచ్చినవాడి తల అది. వాళ్ళమ్మ లేచి నిలబడింది.

“నేను బతికే ఉండాను కదరా.”

“మొక్కుమ్మా” అన్నాడు బావ, తల వంచుకుని.

“పెళ్లి పెట్టుకుని ఏం మొక్కు? ఎవురి కోసరం?”

బావ ఒకసారి మా నాయన వైపు చూశాడు. నాయన చేతిలో ఇంకా ఆ టోపీ ఉంది. ఆ గుండు ఎవరి కోసమో నాయనకు అప్పుడే అర్థమైంది. నిజం చెబితే బావకు తల్లి ముందు పరువు దక్కుతుంది, మా అక్క పెళ్లి పోతుంది. మండీలో బెల్లం రేటు పెరగల్లని మొక్కుకున్నా అన్నాడు బావ. “బెల్లం రేటుకు నువ్వు గీకించుకునేదేమిరా, మీ మండీ యజమాని గీకించుకోవల్ల” అంది ఆమె. ఆమె గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. ఏదో దాస్తా ఉండారు, నాకు చెప్పేదాకా ఈ పెళ్లి జరగదు అంది.

అప్పుడు తెర అవతల నుంచి మా అక్క మాట్లాడింది. పెళ్లికూతురు పీటల మీద నోరు విప్పడం మా ఇళ్ళల్లో అప్పటిదాకా లేదు. “నాకు టైఫాయిడొచ్చింది అత్తా. మంచాన పడినాను. నా కోసరం మొక్కుకునుంటాడు. మీకు సెప్పొద్దని మా వాళ్ళు ఆయన కాడ మాట తీసుకునుంటారు.” అంటూనే తెర పైనుంచి ఒక చెయ్యి వచ్చి పూలజడను ఇవతలికి వదిలింది. సవరంతో సహా, మొత్తం జడ. అది బావ ఒళ్ళో పడింది.

వాళ్ళమ్మ తెర చుట్టూ తిరిగి అక్క దగ్గరికి వెళ్ళింది. మా అమ్మ చేతులు జోడించుకుని ఏదో చెప్పబోతే వినలేదు. అక్క తల మీద మిగిలిన ఆ నాలుగు పోచలను చూసింది. గోళ్ళు చూసింది, రెప్ప లాగి చూసింది, మళ్ళీ పెళ్లిచూపులు చూస్తున్నట్టు. చివరికి చెయ్యి తిరగేసి నుదుటి మీద ఆనించింది. ఎంతసేపు అలా ఉంచిందో, నాకు మాత్రం ఆ సీరియల్ అంతా అయిపోయినంతసేపు అనిపించింది. తర్వాత మా అమ్మ వైపు తిరిగింది. “దాసినారు ఒదినా. ఈ మాట నేను సచ్చేదాకా మర్సిపోను” అంది. ఆమె కొడుకు గుండు వైపు చూస్తూ గొంతు తగ్గించింది. “వాడు స్వామి కాడ జుట్టిచ్చి ఈ పిల్లను తెచ్చుకునుండాడు. ఇచ్చేసినాక, ఇప్పుడు నేను వద్దంటే ఆ స్వామికి ఏమని సెప్పేది. కానీండి సామీ, టయిమైపోతా ఉండాది.” ఆమె అన్నమాట నిలబెట్టుకుంది. బతికినంత కాలం ప్రతి పండక్కీ, ప్రతి పురుడుకీ మేము దాచిన సంగతి ఎత్తిపొడుస్తూనే ఉంది. అక్కకు తలనొప్పి వస్తే మాత్రం రాత్రీ పగలూ పక్కనే కూర్చునేది.

జీలకర్ర బెల్లం ముద్ద జుట్టున్న తల మీద ఎలాగో పట్టుకుంటుంది. కొత్త గుండు, పైగా చెమట. పెట్టగానే జారి చెవి మీదికి వచ్చింది. పురోహితుడు అక్కతో, చెయ్యి తీయొద్దమ్మా, అదిమి పట్టుకో అన్నాడు. అక్క ఆ తల మీద అరచెయ్యి అదిమి పెట్టుకుని కూర్చుంది. తెర దించాక కూడా తీయలేదు. ఇక చాలమ్మా అని పురోహితుడే చెప్పాడు.

ఆ వేషం ఎందుకు వేశావని నేను బావను అప్పగింతల దాకా ఆగకుండా అడిగాను. జ్వరం దిగిన మరునాడే కొండకు వస్తానని మొక్కాడట. పెళ్లయ్యాక ఇస్తానని వాయిదా వేస్తే జ్వరం తిరగబెడుతుందేమోనని భయమట. ఇచ్చి దిగాక, ఎవరి కోసమని అడిగితే సంగతి వాళ్ళమ్మ దాకా పోతుందని, గుండు కప్పడానికి బస్టాండు దగ్గర టోపీ కొన్నాడు. అప్పుడు చిక్కు తెలిసింది. “ఉత్త టోపీ పెట్టుకోని మీ ఇంటికొస్తే గుండని ఎవురైనా సెప్తారు బామ్మర్దీ. టోపీని దాసేదానికి కోటేసుకున్నా. కోటుకు మఫ్లరు లేకుంటే బాగుండదు, మఫ్లరుకు బూట్లు లేకుంటే బాగుండదు.” టోపీ పెట్టుకుని గుండును దాచడం అందరూ చేసే పని. టోపీని దాచడానికి ఏడు మూరల గుడ్డ కుట్టించుకున్నవాడు మా బావ ఒక్కడే. ఇదంతా నేను ముందే కనిపెట్టేశానని, ఆ టోపీ వదులై చెవుల మీదికి జారడం చూసి ఆ ఆదివారమే గ్రహించానని చాలామందికి చెప్పాను. మా పిల్లలు ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. గ్రహించలేదు. టోపీ ఊడినప్పుడు నేను వంటశాల గుమ్మంలో వడ నములుతూ ఉన్నాను. ముందే చెప్పిన ఒకే ఒక్క మనిషి మా అవ్వ, ఆమెను చూసి నవ్వాం. తర్వాతి ఆదివారం సీరియల్‌లో ఆ టోపీ కనబడగానే ఎవరూ నవ్వలేదు. మిలిటరీ ఆయన కాసేపు చూసి, ఇతను ఎవురి కోసరం ఇచ్చినాడో పాపం అన్నాడు.

ఇప్పుడు మా పిల్ల చేతిలోని ఫోను చూసి ఆ బావే, తన కోటు చూసి సగం ఊరు కోట్లు కుట్టించుకుందని చెబుతున్నాడు. పిల్ల లోపలికి వెళ్ళాక నిలదీశాను. అసలు కథ వదిలేసి ఈ స్టైలు గోల ఏమిటి బావా, ఆ పిల్లకు నిజం చెప్పొచ్చు కదా అన్నాను. మొక్కు ఒకరికి సెప్పుకునేదా, కోటయితే ఎంతైనా సెప్పుకోవచ్చు అన్నాడు. ఈయనతో వాదించి గెలిచింది లేదు. కోటు ఎక్కడుందని పిల్ల మళ్ళీ వచ్చి అడిగితే అక్క చెప్పింది, దాన్ని ముక్కలు చేసి వేడి గిన్నెలు దించే గుడ్డలు కుట్టేశానని. ఉన్ని కలిసిన గుడ్డ, చాలాకాలం వచ్చిందట.

పెళ్లయిన కొత్తలో నేను చిత్తూరు వెళ్ళినప్పుడల్లా, మీరు ఈ ఇంట్లోకి వచ్చి ఎన్నాళ్ళయిందక్కా అనో, బావకు జీతం పెరిగి ఎన్నాళ్ళయిందనో అడిగితే, అక్క రోజులు లెక్క చెప్పేది కాదు. బావ తల తడిమి చెప్పేది. చేతికి గరుగ్గా తగిలే రోజుల్లో మొదటి గొడవ పడ్డారు. దువ్వెన దిగేనాటికి ఇల్లు మారారు. మొదటిసారి క్రాపు చేయించుకున్న వారం అక్కకు వేవిళ్ళని తెలిసింది. ఇప్పుడు ఆ తల మీద కొలవడానికి ఏమీ మిగల్లేదు, వయసు అంతా పట్టుకుపోయింది. అయినా పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ ఒకసారి చెయ్యి అలా ఆనిస్తుంది. ఇంకా ఏం చూస్తావక్కా అని పోయిన వారం విసుక్కున్నాను. “ఏం లేదులేరా, యాడిదాకా వచ్చినామా అని” అంది. నా గదిలో క్యాలెండరు ఉంది, గోడ గడియారం ఉంది, తేదీ చెప్పే ఫోను కూడా ఉంది. ఎంత దూరం వచ్చామో వాటిలో ఏదీ నాకు అంత కచ్చితంగా చెప్పదు.